వ్యవసాయ వర్సిటీ ఏడాది ప్రగతి: పొలం దాకా వచ్చింది ఎంత?

వనపర్తి_వడ్లు
రాజేంద్రనగర్‌లో ఉన్న జయశంకర్ వ్యవసాయ వర్సిటీ గురించి ఈ ఏడాది పేపర్లో వచ్చినన్ని వార్తలు నేను ఎప్పుడూ చూడలేదు. శాస్త్రవేత్తలు ఊళ్లకు వచ్చారన్నారు, ఊరూరికీ విత్తనం అన్నారు, కొత్త సిలబస్ అన్నారు, కూలీల పిల్లలకు సీట్లు అన్నారు, డ్రోన్లు, విదేశీ ఒప్పందాలు... చాలానే ఉన్నాయి. నాకు దీంతో రెండు రకాలుగా పని పడింది. నాకు ఆరెకరాల వరి ఉంది, అదొకటి. మా అమ్మాయి బైపీసీ అయిపోయి ఎప్‌సెట్ ర్యాంకు పట్టుకుని అగ్రి బీఎస్సీ చదువుతానంటోంది, అది రెండోది. మా బామ్మర్ది మాత్రం "అక్కడంతా కాగితాల మీద ప్రగతే" అని ఆమెను భయపెడుతున్నాడు. లోపల చదువుతున్నవాళ్లు, పనిచేసినవాళ్లు, విత్తనం అందుకున్న రైతులు ఉంటే చెప్పండి. ఏడాదిలో నిజంగా మారింది ఏంటి?

మధిర_మిరప
నా మిరప తోటలో నల్ల తామర పురుగు దిగి మూడు నాలుగేళ్లు అయింది. దానికి మందు దొరికిన రోజు ప్రగతి అని నేనే ఊరంతా చెప్తా. అప్పటిదాకా నాకు ఒప్పందాల వార్తలు వద్దు.

క్లస్టర్_ఏఈఓ
@మధిర_మిరప బాధ అర్థమైంది అన్నా, కానీ మిరప జయశంకర్ వర్సిటీ కిందికి రాదు. అది సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్న కొండా లక్ష్మణ్ ఉద్యాన వర్సిటీ చూస్తుంది. అక్కడ అడగాల్సింది ఇక్కడ అడిగితే ఇద్దరూ తప్పించుకుంటారు.

అసలు ప్రశ్నకు వస్తా. నేను ఏఈఓని, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని, జిల్లా చెప్పను. "రైతు ముంగిట్లో శాస్త్రవేత్తలు" 2025 మే 5 నుంచి జూన్ 13 దాకా నడిచింది. సుమారు 1200 ఊళ్లు తిరిగారు. మా క్లస్టర్లో ఒక ఊరికి వచ్చారు, నేను దగ్గరుండి చూశాను. వాళ్లు చెప్పినవి యూరియా తగ్గించడం, అవసరమైనంతే మందులు కొట్టడం, విత్తనాల, మందుల రశీదులు దాచుకోవడం, నీళ్లు ఆదా చేయడం, పంట మార్చడం, చెట్లు పెంచడం. కొత్త సంగతులేమీ కాదు, మేం ఏడాది పొడవునా చెప్పేవే. కానీ మేం చెప్తే "వీడు రైతుబంధు లిస్టు రాసేవాడే కదా" అన్నట్టు వింటారు. పరిశోధన చేసినాయన వచ్చి అదే మాట చెప్పేసరికి ఇరవై మంది లేచి ప్రశ్నలు అడిగారు. ఒక పెద్దాయన తన పొలంలో పీకిన వరి దుబ్బు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆ గంటసేపు రైతువేదికలో కుర్చీ ఖాళీ లేదు. నేను ఉద్యోగంలో చేరాక అలాంటి మీటింగ్ చూడలేదు.

పొట్టదశ
1200 ఊళ్లు అంటే రాష్ట్రంలో పన్నెండు వేల పైచిలుకు పంచాయతీలు ఉన్నాయి. పదింట ఒక ఊరు. మిగతా తొమ్మిది ఊళ్ల సంగతి?

క్లస్టర్_ఏఈఓ
@పొట్టదశ నిజమే, తొమ్మిది ఊళ్లు మిగిలాయి. అదే సమయంలో మే 29 నుంచి జూన్ 12 దాకా కేంద్రం వాళ్ల వికసిత్ కృషి సంకల్ప్ అభియాన్ కూడా నడిచింది, దాంట్లో కృషి విజ్ఞాన కేంద్రాల (కేవీకే) వాళ్లు మరికొన్ని ఊళ్లు తిరిగారు. అయినా అన్నీ చేరలేదు. ఉన్న శాస్త్రవేత్తలతో ఎండాకాలంలో ఇన్ని ఊళ్లు తిరగడం తక్కువ పనేమీ కాదు. నా కోరిక ఒకటే, వచ్చే ఏడాది అదే ఊళ్లకు మళ్లీ వెళ్లాలి. కొత్త 1200 ఊళ్ల లెక్క కోసం పాత ఊళ్లను వదిలేస్తే, ఆ పెద్దాయన దుబ్బుకు ఏమైందో ఎవరికీ తెలియదు.

యాసంగి_యాదన్న
యూరియా తగ్గించమని మేలో చెప్పారు. ఆగస్టులో యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డాం. తగ్గించేదాకా ఆగలేదు, దొరకనే లేదు. ఆ మాట చెప్పినాయన్ను మళ్లీ ఊళ్లో చూస్తే జనం ఏమంటారో ఊహించుకోండి.

కాలువ_గట్టు
@యాసంగి_యాదన్న కొరత తప్పు వర్సిటీది కాదు కదా బాబాయ్, సరఫరా వేరే వాళ్ల చేతిలో ఉంది. కానీ ఆ ఇబ్బందిలోనే నాకు వాళ్ల లెక్క పనికొచ్చింది. వరికి ఎకరానికి 48 కిలోల దాకా నత్రజని చాలు అన్నారు. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే మొత్తం యూరియాతోనే ఇచ్చినా 45 కిలోల బస్తాలు రెండు, పైన కొంచెం. డీఏపీ ఒక బస్తా వేస్తే దాంట్లోనే 9 కిలోల నత్రజని వస్తుంది, కాబట్టి రెండు బస్తాల లోపే సరిపోతుంది. మా ఊళ్లో నాలుగు బస్తాలు వేసేవాళ్లు ఉన్నారు. పొలం నల్లగా కనిపిస్తే మురిసిపోతారు, తర్వాత దోమపోటు, అగ్గితెగులు వస్తే మందుల షాపుకు పరిగెడతారు. నేను నాట్లప్పుడు, పిలకల దశలో, చిరుపొట్ట దశలో మూడు సార్లుగా వేశాను. పక్క పొలం కన్నా రంగు తక్కువ ఉంది, గింజ మాత్రం తక్కువ లేదు.

యాసంగి_యాదన్న
నీ పొలం నల్లరేగడి. మాది చెలక. అదే లెక్క నాకు నడవదు.

కాలువ_గట్టు
అందుకే భూసార పరీక్ష చేయించమనేది. ఒప్పుకుంటా, అందరికీ ఒకే లెక్క లేదు.

సన్నాల_సూర్యాపేట
ఊరూరికీ విత్తనం గురించి నేను చెప్తా, ఎందుకంటే మా ఊళ్లో అందుకున్న ముగ్గురిలో నేను ఒకణ్ని. జూన్ మొదట్లో మొదలుపెట్టారు, రాష్ట్రం మొత్తం మీద దాదాపు 40 వేల మంది రైతులకు అన్నారు. వరి, కంది, పెసర లాంటివి ఇచ్చారు. నాకు వరి వచ్చింది. సంచి చూసి మా తమ్ముడు "ఇంతేనా" అన్నాడు. కానీ అది ఫౌండేషన్ సీడ్. షాపులో మనం కొనే సర్టిఫైడ్ విత్తనానికి ఒక మెట్టు పైది. దాన్ని జాగ్రత్తగా పెంచి వచ్చిన పంటను విత్తనంగా దాచి, పక్కవాళ్లకు ఇవ్వాలన్నదే ఒప్పందం.

లెక్క వేసుకోండి. ఎకరానికి ఇరవై కిలోల విత్తనం పోసి ఇరవై క్వింటాళ్లు తీస్తే అది వంద ఎకరాలకు విత్తనం. తాలు, కేళీలు (కలిసిపోయిన వేరే రకం), నాసిరకం తీసేసి సగమే పనికొచ్చిందనుకున్నా యాభై ఎకరాలు. ఊళ్లో ముగ్గురు సరిగ్గా చేస్తే వచ్చే వానాకాలానికి ఊరికి షాపు మొహం చూడక్కర్లేదు. రెండేళ్ల క్రితం నేను ఒక షాపులో సన్నాల విత్తనం కొంటే పొలంలో మూడు రకాల ఎత్తులు మొలిచాయి. ఒకటి ఈనుతుంటే ఇంకొకటి పొట్టకే రాలేదు. రశీదు లేదు, అడిగేదానికి లేదు. అందుకే ఈ చిన్న సంచి నాకు చాలా పెద్దది.

మొగిపురుగు
హైబ్రిడ్ కాదు కదా? హైబ్రిడ్ అయితే దాచి పోస్తే పని చేయదు.

సన్నాల_సూర్యాపేట
కాదు తమ్మీ. మామూలు రకం. హైబ్రిడ్ వడ్లు దాచి మళ్లీ పోస్తే ఏ మొక్క ఏ తీరుగా వస్తుందో చెప్పలేం. ఇవి అలా కాదు, శుభ్రంగా పెట్టుకుంటే రెండు మూడు పంటల దాకా నిలుస్తాయి.

పొట్టదశ
సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ పెట్టాక అందరూ సన్నాల మీద పడ్డారు. రేషన్లో కూడా సన్నబియ్యం మొదలైంది. విత్తనానికి గిరాకీ పెరిగితే కల్తీ చేసేవాళ్లకూ గిరాకీయే. ఆ లెక్కన ఈ ఏడాదే ఈ పని మొదలవడం సరైన సమయం. ఇది మాత్రం నేను మెచ్చుకుంటా.

సిరిసిల్ల_చిన్నోడు
ఈ ఏడాది అసలు ప్రగతి జీనోమ్ ఎడిటింగ్ వరి కదా! సాంబమసూరి జన్యువుల్లో చిన్న మార్పు చేసి తెచ్చారు, ఇరవై రోజుల ముందే కోతకు వస్తుందట. రాజేంద్రనగర్‌లోనే పుట్టింది.

రిటైర్డ్_బ్రీడర్
@సిరిసిల్ల_చిన్నోడు డీఆర్‌ఆర్ ధాన్ 100 గురించి చెప్తున్నావు, కమల అని కూడా అంటున్నారు. 2025 మే 4న ఢిల్లీలో ప్రకటించారు. అది రాజేంద్రనగర్‌లోనే ఉన్న భారత వరి పరిశోధన సంస్థది. కేంద్రం వాళ్ల వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్ కిందిది, రాష్ట్ర వర్సిటీది కాదు. ఊరు ఒకటే కాబట్టి చాలామంది కలిపేస్తారు.

ఇంకో మాట చెప్పాలి, నా ఉద్యోగమంతా ఇందులోనే గడిచింది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. ఒక వరి రకం గురించి "ఈ ఏడాది విడుదల చేశాం" అని నివేదికలో రాస్తే ఆ ఏడాది ప్రగతి అని చదువుతారు. దాని కోసం రెండు రకాలను కలిపి సంకరం చేసింది ఎనిమిది పదేళ్ల కిందట. మగ కంకి దులిపి ఆడ కంకి మీద రాల్చిన మనిషి ఈపాటికి బదిలీ అయి ఉంటాడు, లేదా నాలాగా రిటైర్ అయి ఉంటాడు. రెండో తరంలో వేల మొక్కలు పెంచి, మంచివి ఏరి, తరం తరం స్థిరపడేదాకా చూసి, స్టేషన్లో పాత రకాల పక్కన పెట్టి పోల్చి, తర్వాత జగిత్యాల, వరంగల్, కూనారం లాంటి వేరే చోట్ల పరీక్షించి, ఆపైన రైతుల పొలాల్లో మినీకిట్లు, అంటే చిన్న విత్తన సంచులు ఇచ్చి చూస్తాం. అప్పటికి గానీ విడుదల కమిటీ ముందుకు వెళ్లదు. తెలంగాణ సోనా, అదే ఆర్‌ఎన్‌ఆర్ 15048, 2015లో విడుదలైంది. దాని తల్లిదండ్రులు ఎంటీయూ 1010, జేజీఎల్ 3855. అంటే మారుటేరు రకం ఒకవైపు, జగిత్యాల రకం ఒకవైపు. అది విడుదలైన ఏడాది పేరు ఎవరికి వచ్చిందో వదిలేయండి, దాని వెనక ఎంతమంది ఎన్నేళ్లు బురదలో నిలబడ్డారో చూడండి.

కాబట్టి ఏడాది ప్రగతి అని అడిగేవాళ్లు ఎన్ని రకాలు విడుదల చేశారని కాకుండా, ఈ ఏడాది ఎన్ని కొత్త సంకరాలు చేశారు, ఎంతమంది యువ బ్రీడర్లను తీసుకున్నారు అని అడగండి. 2035లో మీ పొలంలో ఏం ఉంటుందో ఆ జవాబులో ఉంది.

బాపట్ల_బాబాయ్
బ్రీడర్ గారికి దండం. బాపట్లలో చదివాను కాబట్టి నేనూ ఒకటి కలుపుతా. బీపీటీ 5204, సాంబమసూరి, 1986లో విడుదలైంది. మా కాలేజీ 1945 నాటిది. ఇవాళ సిరిసిల్ల తమ్ముడు చెప్పిన ఆ కొత్త వరి కూడా సాంబమసూరి నుంచే చేశారు. నలభై ఏళ్ల కిందటి పని ఇంకా పిల్లల్ని కంటోంది!

సిరిసిల్ల_చిన్నోడు
ఓకే సార్. మరి ఆ కమల విత్తనం మనకు ఎప్పుడు దొరుకుతుంది?

రిటైర్డ్_బ్రీడర్
ప్రకటించినంత మాత్రాన సంచిలోకి రాదు. అనుమతులు, విత్తన వృద్ధి ఉంటాయి. ఎవరైనా ఇప్పుడే "కమల విత్తనం ఉంది" అని అమ్మితే కొనకండి.

హాస్టల్_కిటికీ
విద్యార్థి వైపు నుంచి నేను చెప్తా. నేను 2024లో చేరిన బ్యాచ్, కాలేజీ పేరు చెప్పను. ఐసీఏఆర్ ఆరో డీన్స్ కమిటీ సిలబస్ మాతోనే మొదలైంది. మొదట రెండు వారాలు దీక్షారంభ్ అని పెట్టారు, క్లాసులు లేకుండా పొలాలు, ల్యాబులు చూపించడం, సీనియర్లతో మాట్లాడించడం. నాకు బాగా ఉపయోగపడింది, ఎందుకంటే మా బ్యాచ్‌లో సగం మంది ఎంబీబీఎస్ సీటు రాక వచ్చిన వాళ్లమే. మొదటి వారం అందరి మొహాలూ వేలాడుతూనే ఉన్నాయి.

స్కిల్ కోర్సులు మొదటి ఏడాదిలోనే పెట్టారు. పుట్టగొడుగులు, తేనెటీగలు, నర్సరీ, వర్మీకంపోస్టు లాంటివి కాలేజీని బట్టి ఉంటాయి. మొదటి ఏడాది తర్వాత ఆపేయాల్సి వస్తే పది వారాల ఇంటర్న్‌షిప్ చేసి సర్టిఫికెట్ తీసుకోవచ్చు, రెండేళ్ల తర్వాత అయితే డిప్లొమా. ఇది మంచిదో కాదో నాకు ఇంకా తేలలేదు. ఇంట్లో ఇబ్బంది వచ్చిన వాళ్లకు చేతిలో ఒక కాగితమైనా ఉంటుంది. కానీ "ఆపేసినా పర్లేదు" అన్న దారి చూపిస్తే ఆడపిల్లల ఇళ్లలో రెండేళ్లకే పెళ్లి చేసేస్తారేమో అని మా మేడమ్ భయం.

ఇబ్బంది కూడా చెప్తా. కొత్త సిలబస్ వచ్చింది గానీ చెప్పేవాళ్లు పెరగలేదు. ఒక్క సార్ మూడు సబ్జెక్టులు చూస్తున్నారు, వాటిలో ఒకటి ఆయన పీజీ చేసిన సబ్జెక్టే కాదు. ప్రాక్టికల్ అంటే నలభై మంది ఒక మైక్రోస్కోప్ చుట్టూ నిలబడటం. సిలబస్ మారిందని నివేదికలో రాయొచ్చు, నాకు తెగులు బీజాలు కనబడాలి కదా.

వనపర్తి_వడ్లు
@హాస్టల్_కిటికీ మంచిగా చెప్పావు బిడ్డా. పొలంలో పని నేర్పిస్తారా, లేక పుస్తకమేనా?

హాస్టల్_కిటికీ
నేర్పిస్తారు అంకుల్. క్రాప్ ప్రొడక్షన్ అని ఉంటుంది, చిన్న చిన్న ప్లాట్లు ఇస్తారు. దున్నిన దగ్గర్నుంచి కోత దాకా మేమే. ఖర్చులు, దిగుబడి రికార్డులో రాయాలి. పట్నం పిల్లలు మొదట్లో చెప్పులు విప్పడానికే ఆలోచించారు, కలుపు తీసే టైముకు పందెం వేసుకున్నారు. పురుగుల కలెక్షన్ కూడా ఉంటుంది, వల పట్టుకుని సీతాకోకచిలుకల వెంట పరిగెత్తి పెట్టెలో పిన్ను గుచ్చి పేరు రాయాలి. నాలుగో ఏడాదిలో ఊళ్లో రైతుతో ఉండే రావెప్ ఉంది.

పాలీ_నుంచి_పీజీ
రావెప్ గురించి రెండు ముక్కలు. ఊళ్లో మాకు అప్పగించిన రైతు దగ్గర నేర్చుకున్నంత నాలుగేళ్లలో ఎక్కడా నేర్చుకోలేదు. మేం ఆయనకు విత్తన శుద్ధి చూపించాం, ఆయన మాకు ఎద్దుల అరకతో సాలు తిన్నగా పెట్టడం చూపించాడు. ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. అయితే అదే రావెప్‌ను సెల్ఫీలు దిగి, గోడ మీద ఊరి పటం గీసి ముగించిన వాళ్లూ ఉన్నారు. దాన్ని సీరియస్‌గా చూసే కోఆర్డినేటర్ ఉంటేనే.

మట్టి_చేతులు
కూలీల పిల్లలకు సీట్ల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతా. ఇప్పటిదాకా రైతు కోటా 40 శాతం ఉంది. దానికి భూమి ఉన్నట్టు కాగితం కావాలి. మా అమ్మ ముప్పై ఏళ్లుగా నాట్లు వేస్తోంది. మా ఊళ్లో ఆమె నాటని మడి లేదు. మాకు మాత్రం గుంట భూమి లేదు. నేను చేరినప్పుడు ఆ కోటా ఫారం చూసి, రైతు బిడ్డ అంటే పట్టా ఉన్నవాడి బిడ్డేనా అని చాలా బాధపడ్డాను. నేను ఓపెన్‌లో ర్యాంకు తెచ్చుకుని వచ్చాను, కానీ మా వాడలో నాకన్నా తెలివైన పిల్లలు ఇద్దరు రాలేకపోయారు.

ఈ ఏడాది వ్యవసాయ కూలీల పిల్లలకు విడిగా వాటా పెట్టడం నా దృష్టిలో అన్నింటికన్నా పెద్ద మార్పు. డ్రోన్లూ ఒప్పందాలూ అన్నీ దీని తర్వాతే. నాటు వేసే చేతికి ఎంత దూరంలో ఏ లోతులో పెట్టాలో తెలుసు. ఆ ఇంటి నుంచి వచ్చిన పిల్ల అగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) చదివితే మొక్కల మధ్య దూరం ఎందుకు మారిస్తే దిగుబడి మారుతుందో ఇట్టే పట్టుకుంటుంది.

పొట్టదశ
@మట్టి_చేతులు చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు అక్కా. కూలీ అని నిరూపించే కాగితం ఏం అడుగుతున్నారు మరి? ఉపాధి హామీ జాబ్ కార్డా?

మట్టి_చేతులు
నోటిఫికేషన్‌లో ఉన్నదే చూడాలి, ఎవరో వాట్సాప్‌లో పెట్టింది నమ్మి పరిగెత్తొద్దు. మీ మండలంలో ఎవరికైనా అవసరమైతే నాకు మెసేజ్ చేయండి, ఫారం నింపడంలో సాయం చేస్తా.

మధిర_మిరప
అమ్మా, మా ఊళ్లో మిరప ఏరడానికి వచ్చే వాళ్ల పాప ఉంది, బైపీసీ. నీకు మెసేజ్ పెట్టిస్తా.

రింగురోడ్డు
అందరూ మెచ్చుకుంటున్నారు, భూమి సంగతి కూడా రాయండి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన వర్సిటీల భూమి నుంచి వంద ఎకరాలు కొత్త హైకోర్టుకు ఇచ్చారు. 2024 మార్చిలో శంకుస్థాపన కూడా అయింది. విద్యార్థులు ఎంత మొత్తుకున్నా ఆగలేదు. పరిశోధనకు ఇచ్చిన భూమిని కొంచెం కొంచెం కోసుకుంటూ పోతే ప్రయోగాలు మేడ మీద కుండీల్లో చేస్తారా?

క్లస్టర్_ఏఈఓ
హైకోర్టు కూడా అవసరమే కదా, పాత భవనం ఇరుకైంది.

రిటైర్డ్_బ్రీడర్
హైకోర్టు అవసరం కాదని ఎవరూ అనరు. కానీ పరిశోధన మడి ఖాళీ జాగా కాదు. ఆ మట్టిలో ఏ ఏడాది ఏం వేశాం, ఎంత ఎరువు వేశాం అన్న లెక్కలు దశాబ్దాలవి ఉంటాయి. వేరే చోట అంతకు రెండింతలు ఇచ్చినా ఆ చరిత్ర రాదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఏడాది ప్రగతి రాసేటప్పుడు పోయింది కూడా రాయాలి.

కాన్సాస్_తెలుగు
నేను ఇక్కడ కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నా. చాలామందికి తెలియని సంబంధం ఒకటి ఉంది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ వర్సిటీ పెట్టినప్పుడు అమెరికా సాయంతో దాన్ని నిలబెట్టడానికి తోడ్పడింది ఈ యూనివర్సిటీయే. ఇక్కడి నుంచి ప్రొఫెసర్లు రాజేంద్రనగర్ వచ్చి ఉన్నారు. చదువు, పరిశోధన, విస్తరణ (పరిశోధనలో తేలింది రైతుకు చేర్చడం) మూడూ ఒకే కప్పు కింద ఉండాలన్న పద్ధతి అలా వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఒకవైపు గుంటూరు లాం, ఒకవైపు రాజేంద్రనగర్ అయ్యాయి.

ఇక్కడ నాకు నచ్చింది విస్తరణ. ప్రతి కౌంటీలో వర్సిటీ ఆఫీసు ఉంటుంది, దాని మీద స్థానికులు ఎన్నుకున్న బోర్డు ఉంటుంది. ఏడాదిలో ఏం చేశారో ముందు ఆ బోర్డులో కూర్చున్న రైతులకు చెప్పాలి. మన దగ్గర ఏడాది నివేదిక పైకి వెళ్తుంది, కిందికి రాదు. శాస్త్రవేత్తలు ఊళ్లకు వెళ్లిన మాట విని నేను సంతోషించింది అందుకే. దాన్ని ఒక సీజన్ కార్యక్రమంగా కాకుండా ఊరివాళ్లకు లెక్క చెప్పే పద్ధతిగా మారిస్తే బాగుంటుంది.

బాపట్ల_బాబాయ్
@కాన్సాస్_తెలుగు మన దగ్గర అసలు లేదనలేం. ఆంధ్ర వైపు పాత జిల్లాల లెక్కన వర్సిటీ ఏరువాక కేంద్రాలు ఉన్నాయి. వానాకాలం ముందు జోనల్ మీటింగుల్లో రైతులను కూడా కూర్చోబెడతారు, పోయిన ఏడాది సమస్యలు చెప్పమంటారు. అయితే పిలిచిన రైతులే మళ్లీ మళ్లీ వస్తుంటారు, అదీ నిజమే.

కాలువ_గట్టు
పిలిచిన రైతులే వస్తారు, వచ్చిన రైతులే పేపర్లో ఉంటారు :)

డ్రోన్_దామన్న
డ్రోన్ శిక్షణ తీసుకున్నవాడిని. మందు కొట్టడం ఎకరానికి పది లీటర్ల నీళ్లతో పది నిమిషాల్లో అయిపోతుంది. చేతి పంపుతో అయితే రెండు వందల లీటర్లు మోయాలి, మందు మనిషి మీద పడుతుంది. మందు కొట్టే కూలీలు వాంతులతో పడిపోయిన రోజులు మా ఊళ్లో అందరికీ గుర్తే. ఆ ఒక్క కారణానికైనా నేను దీన్ని ప్రగతి అంటా. ధర మాత్రం చిన్న రైతు కొనలేడు, సంఘంగా కొనాలి, లేదా అద్దెకు తెచ్చుకోవాలి.

మొగిపురుగు
కూలి పోతుంది కదా దామన్నా కొట్టేవాళ్లకు.

డ్రోన్_దామన్న
పోతుంది. నాతో బ్యాటరీలు మార్చేది, నీళ్లు కలిపేది ఆ పని చేసిన తమ్ముడే. అందరికీ అలా దొరకదు, అది నాకు తెలుసు.

పాలీ_నుంచి_పీజీ
@వనపర్తి_వడ్లు మీ అమ్మాయి విషయం. వర్సిటీ కాలేజీ వస్తే రాజేంద్రనగరే కావాలని పట్టుబట్టొద్దు. జగిత్యాల దగ్గర పొలాస, అశ్వారావుపేట, పాలెం, వరంగల్, సిరిసిల్ల, ఆదిలాబాద్ ఉన్నాయి. పాలెం మీకు దగ్గర. పక్కనే పరిశోధన స్టేషన్ ఉన్న కాలేజీలో చదివితే వేరే లాభం ఉంది, సాయంత్రం ట్రయల్ ప్లాట్లలో తిరగొచ్చు. సీటు రాలేదని వేరే రాష్ట్రంలో లక్షలు పోసి చేర్పించే ముందు ఆ కాలేజీకి ఐసీఏఆర్ గుర్తింపు ఉందో లేదో చూడండి. నా స్నేహితుడు ఒకడు చూడకుండా చేరి నాలుగేళ్లు చదివి, ఏఈఓ నోటిఫికేషన్ అప్పుడు అర్హత దగ్గర ఆగిపోయాడు. తర్వాత దారులు అయితే ఏఈఓ, ఏఓ (వ్యవసాయ అధికారి), బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్, సీడ్ కంపెనీలు, పీజీకి ఐసీఏఆర్ పరీక్ష. ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లు ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియదు, ఆ టెన్షన్ మాత్రం ఉంటుంది.

వనపర్తి_వడ్లు
అందరివీ మా అమ్మాయితో కూర్చుని చదివాను. ఆమె పాలెం మొదటి ఆప్షన్ పెడతానంటోంది. మైక్రోస్కోప్ సంగతి చదివి "అక్కడికి వెళ్లాక నేను ముందు వరసలో నిలబడతా" అంది. బామ్మర్దికి ఈ చర్చ లింకు పంపించా.

ఇంకో ప్రశ్న @సన్నాల_సూర్యాపేట. మా ఊళ్లో కూడా ఒకతనికి ఆ విత్తనం వచ్చింది, నాకు ఇస్తానన్నాడు. నేను అతని పొలంలో ఏం చూడాలి? ఊరికే వడ్లు కాకుండా విత్తనమేనని ఎట్లా నమ్మాలి?

సన్నాల_సూర్యాపేట
కోతకు ముందే రెండు సార్లు వెళ్లి చూడండి. పూత దశలో ఒకసారి, గింజ గట్టిపడేటప్పుడు ఒకసారి. మిగతా వాటికన్నా ఎత్తు ఉన్నవి, ముందే ఈనినవి, ఆకు రంగు వేరేగా ఉన్నవి, మీసాలు ఉన్న కంకులు, ఇవన్నీ కేళీలు. వాటిని పీకేశాడా లేదా చూడండి. గట్టు పక్క వరసలు విత్తనానికి తీసుకోవద్దు, పక్క మడి నుంచి కలిసే భయం ఉంటుంది.

మిషన్ కోత అయితే చాలా జాగ్రత్త. అంతకుముందు వేరే రకం కోసిన మిషన్‌లో ఆ గింజలు మిగిలి ఉంటాయి, మొదటి ట్యాంకు వడ్లు విత్తనంలో కలపొద్దు. బాగా ఎండబెట్టి తేమ 13 శాతం లోపుకు తేవాలి. కొత్త గోనె సంచులు వాడాలి. నేల మీద పెట్టకుండా చెక్కల మీద పెట్టాలి.

క్లస్టర్_ఏఈఓ
తీసుకున్నాక మొలక కట్టి చూసుకోండి. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి పెడితే ఎనభై పైన మొలవాలి. అయితే కోసిన వెంటనే చూస్తే కొన్ని రకాలు నిద్రావస్థలో ఉండి మొలవవు, విత్తనం పాడైందని పారేయకండి, కొన్ని వారాలు ఆగి మళ్లీ చూడండి.

మొగిపురుగు
@సన్నాల_సూర్యాపేట అన్నా నీ దగ్గర ఎకరానికి సరిపడా విత్తనం ఉంటుందా? మాది తుంగతుర్తి.

సన్నాల_సూర్యాపేట
ఊళ్లో ఇప్పటికే పదకొండు మంది పేర్లు రాసుకున్నా. ముందు వాళ్లకు ఇవ్వాలి. మిగిలితే ఇస్తా తమ్మీ, కానీ ఒక షరతు, నువ్వు కూడా కేళీలు తీసి, ఇంకో ఇద్దరికి ఇవ్వాలి.

మొగిపురుగు
రాసుకో అన్నా నా పేరు.